కొత్తవాడ మగ్గాల నడుమ ఒక ఇద్దత్

ఖమ్మంలో రైలు ఎక్కిన వారికి మానుకోట, కేసముద్రం, నెక్కొండ దాటిన తరువాత వరంగల్ వస్తుంది. మిరప కోతల కాలంలో ఆ దారి పొడవునా కల్లాలలో ఎర్రగా ఆరబోసిన కాయ కనిపిస్తుంది. గడచిన ఏడాది మేము దంపతులం ఆ దారిలో మూడుసార్లు ప్రయాణించాము. మూడుసార్లూ మా గమ్యం కొత్తవాడ. అక్కడ మా చెల్లెలి ఇల్లు ఉంది. ఆ ఇంటి ముందు గదిలో, మగ్గం పక్కన వేసిన మంచం మీద, ఖులా తీసుకొని పుట్టింటికి చేరిన మా బిడ్డ ఉంది. ఆమె పేరు పాఠకులకు అవసరం లేదు. ఈ నాలుగు మాటలు రాసేముందు ఆమె అనుమతి తీసుకున్నాము. రాసిన తరువాత ఆమెకు చదివి వినిపించాము. "రాయండి ఖాలా, మరో ఇంట్లో ఎవరికైనా పనికి వస్తుంది" అని ఆమె అన్నందువల్లనే ఇది మీ ముందుకు వచ్చింది.

జంపఖానాల వాడ

వరంగల్ స్టేషను బయట ఆటో ఎక్కి పోచమ్మ మైదాన్ అని చెబితే చాలు, కొత్తవాడ అక్కడికి దగ్గరే. సందుల్లోకి అడుగు పెట్టగానే ముందుగా చెవికి తెలుస్తుంది అది నేతపని వాడ అని. పేకను దట్టించే దెబ్బలు ఒక ఇంట ఆగితే మరో ఇంట మొదలవుతాయి. గడపల ముందు రంగులద్దిన నూలు చిలపలు ఆరుతుంటాయి. లోపల ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతుంటారు. ఇక్కడ నేసే నూలు పరుపును తెలుగువారు జంపఖానా అంటారు, మన ఇళ్ళల్లో షత్రంజీ అంటాము. పెళ్ళి పందిట్లోనూ, మీలాద్ సభలోనూ, మయ్యిత్ ఇంటి ముంగిట్లోనూ పరిచేది అదే.

ఈ ఊరి నేతకు పాత పేరు ఉంది. మొఘల్ సేనల వెంట దక్కనుకు వచ్చిన నేతగాళ్ళు ఇక్కడ తివాచీ పనిని పాదుకొల్పారని పెద్దలు చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు కనిపించాయి. నిజాం కాలంలో, 1934లో, ఇదే నగరంలో ఆజం జాహీ మిల్లు వెలసింది. ఆ మిల్లు మూతపడి చాలా కాలమైంది కానీ కొత్తవాడ మగ్గం ఆగలేదు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే గుర్తింపు వచ్చినంత సులభంగా గిట్టుబాటు రాదు. ఇక్కడి నుంచి భివండీ, సూరత్, షోలాపూర్‌లకు వలస వెళ్ళిన కుటుంబాలు ఎన్నో. భర్త ఒక ఊరిలో, భార్య ఒక ఊరిలో బతికే సంసారాలు ఈ వాడకు కొత్త కాదు. మా బిడ్డ కాపురం కూడా అలాంటిదే.

ఆ కాపురం నాలుగేళ్ళు నడిచింది. ఎందుకు నిలవలేదో ఇక్కడ చెప్పము. అది ఇద్దరి గౌరవానికి సంబంధించిన విషయం. ఒకటి మాత్రం చెప్పాలి. దివ్యఖుర్‌ఆన్ నిసా సూరా 35వ ఆయతులో బోధించినట్లు ఇరువైపుల నుంచి చెరొక పెద్ద కూర్చున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు మాట్లాడారు. కుదరలేదు. చివరకు బిడ్డే ఖులా కోరింది. మహర్ తిరిగి ఇచ్చింది. ఖాజీ సాహెబ్ సమక్షంలో కాగితాలు పూర్తయ్యాయి. ఎవరూ ఎవరినీ దూషించలేదు. షరీఅత్ ప్రకారం అంతా సక్రమంగా జరిగింది గనుక ఇక మిగిలిన పనేమీ లేదని మేము అనుకున్నాము. మా పొరపాటు అక్కడే మొదలైంది.

మొదటి ప్రయాణం: మేము చెప్పిన మాటలు

ఇద్దత్ మొదలైన రెండో వారంలో మేము మొదటిసారి కొత్తవాడ వెళ్ళాము. చేతిలో పండ్ల సంచి, మనసులో సిద్ధం చేసుకున్న ఉపదేశం. బిడ్డ సలాం చేసి, మాకు చాయ్ ఇచ్చి, మంచం మీద కూర్చుంది. మూడేళ్ళ బాబు ఆమె కొంగు వదలడం లేదు. కాసేపటికి ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారసాగాయి. మేము సబర్ గురించి చెప్పాము. యూసుఫ్ (అలై) గాథ చెప్పాము. అల్లాహ్ ఒక తలుపు మూస్తే మరో తలుపు తెరుస్తాడన్నాము. ఆమె ఏడుపు ఆగలేదు. అప్పుడు మాలో ఒకరి నోట ఒక మాట వచ్చింది: "నువ్వే కోరుకున్నావు కదా బేటీ, మరి ఈ ఏడుపు ఎందుకు?"

ఆమె ఏడుపు ఆపింది. మేము చెప్పింది అర్థమైందనుకున్నాము. నిజానికి ఆమె మాట్లాడటం ఆపింది. గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం రైలులో తిరిగి వస్తూ మేము కర్తవ్యం నెరవేర్చామనుకున్నాము. నెక్కొండ రాకముందే వేరే విషయాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాము.

ఇది మా ఒక్కరి అలవాటు కాదని తరువాత గ్రహించాము. భర్త తలాఖ్ ఇస్తే సమాజం స్త్రీని జాలిగా చూస్తుంది. ఖులా తీసుకున్న స్త్రీకి ఆ జాలి కూడా దక్కదు. నిర్ణయం నీదే గనుక బాధ పడే హక్కు నీకు లేదన్నట్లు చూస్తుంది. కానీ పాడైన పంటి నొప్పి భరించలేక తీయించుకున్నవాడికి నెత్తురు కారదా? నిర్ణయం సరైనదైనా గాయం గాయమే. ఆమె పోగొట్టుకున్నది ఒక మనిషిని మాత్రమే కాదు. నాలుగేళ్ళుగా అనుకున్న భవిష్యత్తును, తన వంటగదిని, ఇరుగుపొరుగును, 'ఫలానా వారి కోడలు' అన్న గుర్తింపును కూడా. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికన్ మనోవైద్యులు జీవితంలోని ఒత్తిళ్ళను అంకెలలో కొలిచే పట్టిక తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 వేశారు. దాని తరువాతి స్థానం విడాకులది, 73. విడాకులు ఎవరు కోరారన్న ప్రశ్న ఆ పట్టికలో లేదు.

అర్ధరాత్రి ఫోను

ఒక రాత్రి రెండు గంటలకు చెల్లెలు ఫోను చేసింది. గొంతు వణుకుతోంది. "ఆపా, పిల్ల నిద్రపోవడం లేదు. రోజూ ఈ వేళకు లేచి మగ్గం మీద కూర్చుంటుంది. అన్నం ముద్ద దిగడం లేదు. ఇందాక నన్ను అడిగింది, నేను లేకపోతే బాబును నువ్వు చూసుకుంటావా అమ్మీ అని."

ఆ ప్రశ్న అర్థం ఏమిటో మాకు తెలిసింది. తెల్లవారి మొదటి రైలుకు బయలుదేరే ముందు మాకు పరిచయమున్న ఒక వైద్యురాలికి ఫోను చేశాము. ఆమె మొదట అడిగింది: "ఇప్పుడు అమ్మాయి దగ్గర ఎవరున్నారు? ఒంటరిగా ఉంచకండి." తరువాత అన్నది: "నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి రెండు వారాలకు మించి పోతే అది ఈమాను లోపం కాదు, వైద్యం అవసరమైన స్థితి. ఇక బతకాలని లేదనే అర్థం వచ్చే మాట ఏదైనా అంటే రెండు వారాలు కూడా ఆగకూడదు, అదే రోజు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఆ మాట ఎత్తితే ఆలోచన పుడుతుందేమో అని భయపడకండి. మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే బరువు దిగుతుంది." ఆ మాటలు మేము కాగితం మీద రాసుకున్నాము. అవే ఇక్కడ రాస్తున్నాము.

రెండో ప్రయాణం: వినడం నేర్చుకున్నాము

ఈసారి మా సంచిలో పండ్లతో పాటు బార్లీ పిండి ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) గారు, ఇంట్లో ఎవరైనా మరణించి బంధువులు దుఃఖంలో ఉన్నప్పుడు తల్బీనా అనే యవల జావ కాచి ఇప్పించేవారు. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందనీ, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దుఃఖంలో ఉన్నవారికి ముందు కడుపులోకి వెచ్చగా ఏదైనా పోవాలనే ఎరుక ఆ ఇంట్లో ఉంది. మేము మొదటిసారి ఉపదేశం తీసుకువెళ్ళాము. రెండోసారి జావ తీసుకువెళ్ళాము.

జావ చల్లారే లోపు మేము ఏమీ మాట్లాడలేదు. తరువాత ఒక్క మాట అన్నాము: "ఆ రోజు మేము అన్న మాట తప్పు బేటీ. మమ్మల్ని క్షమించు. ఈ రోజు నువ్వు చెప్పు, మేము వింటాము." చాలాసేపటికి ఆమె నోరు తెరిచింది. కాపురంలో జరిగినవి తక్కువే చెప్పింది. ఎక్కువగా చెప్పింది తన భయం గురించి: బాబు పెద్దయ్యాక తనను నిందిస్తాడని. తన సిగ్గు గురించి: పక్కింటి నికాహ్ దావతులో తనను చూసి ఆడవాళ్ళు మాట మార్చారని. అన్నిటికంటే కష్టంగా చెప్పింది: ఆ మనిషి ఇంకా గుర్తుకు వస్తున్నాడని, అలా గుర్తుకు రావడం పాపమేమోనని. జుహర్ అజాన్ వరకు ఆమె చెబుతూనే ఉంది. మధ్యమధ్య మా నోటి దాకా సలహాలు వచ్చాయి. మింగాము. మాకు అది సులభంగా లేదు.

ఆ మధ్యాహ్నం నమాజు తరువాత మాకు హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) గుర్తుకు వచ్చారు. భర్త కోపంలో తనను తల్లితో పోల్చి జిహార్ చేయగా, ఆమె తన గోడు వినిపించడానికి దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. వాదించారు, విలపించారు. ఆయన ఆమెను మాట్లాడవద్దని అనలేదు. అదే ఇంట్లో ఒక మూలనున్న హజ్రత్ ఆయిషా (రజి) గారికి కూడా కొన్ని మాటలు వినిపించలేదు. కానీ అల్లాహ్ విన్నాడు. ముజాదలా సూరా ఆ స్త్రీ ఫిర్యాదును ఆలకించిన ప్రస్తావనతోనే ఆరంభమవుతుంది. ఒక ఇల్లాలి సంసార దుఃఖాన్ని ప్రళయదినం వరకు పఠించే గ్రంథంలో చేర్చిన ధర్మం మనది. అలాంటి ధర్మాన్ని అనుసరించే మనం, దుఃఖంలో ఉన్న ఆడబిడ్డ నోరు మూయించడానికి అదే ధర్మం పేరు వాడుకుంటున్నాము. సహనం అంటే మౌనం అని మనకు ఎవరు చెప్పారు? యఅఖూబ్ (అలై) సుందరమైన సహనం పాటించారు. కళ్ళు తెల్లబడేంతగా ఏడ్చారు కూడా. తన వేదనను అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. ఆ ఏడుపు ఆయన సహనానికి భంగం కాలేదు.

మర్నాడు ఉదయం ఆమెను వెంటబెట్టుకొని ఎంజీఎం ఆసుపత్రికి వెళ్ళాము. కొత్తవాడ నుంచి అది దూరమేమీ కాదు. మానసిక వైద్య విభాగం ముందు బల్ల మీద కూర్చున్నప్పుడు బిడ్డ నఖాబ్ ఇంకొంచెం కిందికి లాక్కుంది. "ఎవరైనా చూస్తే పిచ్చిదాన్నంటారు" అన్నది. మేము చుట్టూ చూపించాము. పరీక్షల భయంతో వచ్చిన విద్యార్థి, తాగుడు మానాలని వచ్చిన ఆటో డ్రైవరు, కాన్పు తరువాత దిగులు పట్టిన యువతి ఆమెను తీసుకువచ్చిన అత్త. పిచ్చివారెవరూ కనిపించలేదు. కష్టంలో ఉన్న మనుషులు కనిపించారు.

వైద్యులు, సలహాదారులు, వారి తేడా

ఈ విషయంలో మన ఇళ్ళల్లో చాలా అయోమయం ఉంది గనుక మాకు తెలిసినంత చెబుతాము. మనోవైద్యులు ఎంబీబీఎస్ చదివి తరువాత మానసిక వైద్యంలో పట్టా పొందినవారు. అవసరమైతే మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టులు, కౌన్సెలర్లు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. అందరికీ మందు అవసరం రాదు. దిగులు తగ్గించే మందులు రాస్తే అవి పని చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకొని గుణం లేదని మానకూడదు. గుణం కనిపించిందని సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. స్త్రీలు మహిళా వైద్యురాలిని అడగవచ్చు, సంకోచించనక్కరలేదు. గదిలో చెప్పుకున్నది బయటకు పోతుందన్న భయం కూడా వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది.

మా బిడ్డకు వైద్యులు కొద్దికాలం మందు ఇచ్చారు. నగరంలోని ఒక మహిళా కౌన్సెలర్ వద్దకు వారానికి ఒకసారి వెళ్ళమన్నారు. ఇద్దత్‌లో బయటకు వెళ్ళవచ్చా అని చెల్లెలు సందేహపడింది. ఖాజీ సాహెబ్‌ను అడిగాము. చికిత్స అవసరం గనుక పగటిపూట వెళ్ళి రావచ్చని ఆయన చెప్పారు. మీ ఇంట్లో ఇలాంటి సందేహం వస్తే మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి, అడగకుండానే బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టకండి.

"కౌన్సెలర్ ఏం చెబుతుంది?" అని మేము కుతూహలంతో అడిగాము. "ఏమీ చెప్పదు ఖాలా, అడుగుతుంది" అని బిడ్డ నవ్వింది. చాలా రోజుల తరువాత ఆ నవ్వు చూశాము. మొదటి రోజు దాదాపు గంటసేపు ఆమె ఏడుస్తూనే ఉందట. కౌన్సెలర్ గడియారం చూడలేదట. తరువాతి వారాలలో చిన్న చిన్న పనులు ఇచ్చిందట: రాత్రి పడుకునే ముందు మనసులో తిరిగే మాటలను కాగితం మీద రాయడం, రోజూ ఫజ్ర్ తరువాత పావుగంట నడవడం, 'నా జీవితం అయిపోయింది' అన్న ఆలోచన వచ్చినప్పుడు అది నిజమా, భయమా అని తనను తాను ప్రశ్నించుకోవడం.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి అని కొందరు అంటారు. కానీ మన చరిత్ర అలా చెప్పదు. క్రీ.శ. తొమ్మిది, పది శతాబ్దాలలో జీవించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించి కూడా ఒకే గ్రంథంలో రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్మే దుఃఖం వేరని విభజించారు. ఒంటికి మందులు దాచుకున్నట్లే, కష్టకాలానికి పనికివచ్చే ఆలోచనలను ఆరోగ్యంగా ఉన్నప్పుడే మనసులో దాచుకోమన్నారు. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్, 1284లో కైరోలో ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్‌లలో మానసిక రోగులకు కూడా చోటు ఉండేది. అల్లాహ్ నివారణ లేని వ్యాధిని దించలేదని తెలిపే హదీసు కేవలం జ్వరానికీ దగ్గుకూ పరిమితమని వారు అనుకోలేదు. దుఆ, దవా రెండూ ఒకే చేతి వేళ్ళు.

మూడో ప్రయాణం: కండెలు చుట్టే చేతులు

ఇద్దత్ ముగిసి నాలుగు నెలలైన తరువాత మేము మూడోసారి వెళ్ళాము. బిడ్డ రాట్నం ముందు ఉంది. పక్కింటి పద్మశాలి పెద్దమ్మ ఆమెకు పని నేర్పుతోంది. పోగు తెగినప్పుడల్లా ఆమె చక్రం ఆపి, తెగిన కొసలు రెండూ వెతికి, ముడి వేసి మళ్ళీ తిప్పుతోంది. ఒకసారి ఆమె కొస వెతకకుండానే కంగారుగా తిప్పబోతే పెద్దమ్మ చేయి పట్టుకొని ఆపింది: "ఉండు బిడ్డా, తెగింది తెగినట్టే ఉంచి తిప్పితే మొత్తం చిక్కుపడుతది." మేము మొదటి ప్రయాణంలో చేసింది సరిగ్గా అదే. తెగినచోట ఆగకుండా ఆమెను ముందుకు తిప్పాలని చూశాము.

ఆమె పూర్తిగా కోలుకున్నదని రాయము. పండుగ దగ్గర పడితే నిద్ర చెడుతుంది. ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళవలసి వస్తే దారి మార్చుకుంటుంది. కానీ అన్నం తింటోంది. బాబు రాత్రి పక్క తడపడం మానేశాడు. పెద్దల గొడవ జరిగినప్పుడు పసివాళ్ళు అలా వెనక్కి వెళతారనీ, దండించకూడదనీ కౌన్సెలరే చెప్పిందట. "నీ వల్ల ఏమీ జరగలేదు, అబ్బా నిన్ను ప్రేమిస్తారు, అమ్మీ నిన్ను ప్రేమిస్తుంది" అని రోజూ వాడికి చెప్పమన్నదట. ఒకరి మాటలు మరొకరికి మోసే పావురంగా బిడ్డను వాడవద్దన్నదట.

ఆ సాయంత్రం పోచమ్మ మైదాన్ దగ్గర ఆటో కోసం నిలబడి ఉండగా మాకు అతడు కనిపించాడు. ఒకప్పటి మా అల్లుడు. బాబును చూడటానికి భివండీ నుంచి వచ్చాడట. చిక్కిపోయాడు. సలాం చేసి, తలవంచుకొని నిలబడ్డాడు. చాయ్ తాగుదాం రమ్మన్నాము. మాటల మధ్య అన్నాడు: "మీవాళ్ళంతా ఆమె చుట్టూ ఉన్నారు ఖాలూ, మంచిదే. నాతో మాత్రం ఎవరూ ఈ విషయం మాట్లాడలేదు. దోస్తులు ఇంకో పెళ్ళి చేసుకోమంటున్నారు, అంతే."

అతడి ముందు కూర్చొని మేము బరీరా (రజి), ముగీస్ (రజి)ల సంఘటన తలచుకున్నాము. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బరీరా భర్తతో కలిసి ఉండనని నిర్ణయించుకున్నారు. ముగీస్ గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెనుక తిరిగారు. దైవప్రవక్త (స) ఆయన దుఃఖాన్ని చూసి కదిలిపోయారు. తిరిగి వెళ్ళే విషయం ఆలోచించమని బరీరాకు సిఫారసు చేశారు. ఇది ఆజ్ఞయా అని ఆమె అడిగితే, కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. ఆమె వద్దన్నారు. ఆయన ఆమెను బలవంతపెట్టలేదు. ఆ ఒక్క సంఘటనలో రెండు పాఠాలు ఉన్నాయి. స్త్రీ నిర్ణయం గౌరవించబడింది. పురుషుడి కన్నీరు ఎగతాళికి గురికాలేదు. మనం తరచుగా ఈ రెంటిలో ఒకదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటాము. టెలి మానస్ నంబరు అతడి ఫోనులో కూడా ఎక్కించి వచ్చాము.

మన ఇళ్ళకు, మన మస్జిదులకు

కొత్తవాడ నుంచి మేము తెచ్చుకున్నవి ఇవి. విడాకులైన ఇంటికి వెళితే ముందు వినండి, కారణాలు తవ్వకండి. ఆమె కోరుకున్నదో అతడు ఇచ్చాడో లెక్క చూసి సానుభూతి కొలవకండి. ఇద్దత్ కాలం శిక్ష కాదు, ఊపిరి పీల్చుకునే గడువు. తలాఖ్ సూరా ఆ గడువులో స్త్రీకి నివాసం గురించీ, ఆమెను బాధించకూడదనడం గురించీ ప్రత్యేకంగా ఆదేశించింది. అదే సూరాలో కష్టం తరువాత సౌలభ్యం కలుగుతుందన్న వాగ్దానం కూడా ఉంది. ఆ వాగ్దానం ఎక్కడో కాక, విడాకుల ఆదేశాల మధ్యనే ఉండటాన్ని మనం గమనించాలి. బఖరా సూరా 237వ ఆయతు విడిపోయేవారు సైతం పరస్పర ఔదార్యాన్ని మరువరాదని బోధిస్తుంది.

మనసు కుదుటపడాలంటే రేపటి భరోసా కూడా కావాలి. బతుకుతెరువు భయం దిగులును రెట్టింపు చేస్తుంది. మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చని తీర్పు ఇచ్చింది. ఖులా కోరే హక్కు స్త్రీకి ఉన్నదనీ, దానికి భర్త అంగీకారం తప్పనిసరి కాదనీ 2025లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. ఇంట్లో హింస ఉంటే మహిళా సహాయ నంబరు 181. మనసు బరువెక్కినప్పుడు, అర్ధరాత్రి అయినా, 14416. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఈ నంబర్లను కత్తిరించి వంటగది తలుపుకు అంటించండి. అవసరం మీ ఇంట్లో రాకపోవచ్చు, పక్కింట్లో రావచ్చు.

మస్జిదు కమిటీల పెద్దలకు ఒక మనవి. నికాహ్‌కు దావతు చేస్తాము, మయ్యిత్‌కు భుజం ఇస్తాము. తలాఖ్, ఖులా జరిగిన ఇంటికి మాత్రం మొహం చాటేస్తాము. ఆ ఇంటికి కూడా వారంలో ఒకసారి ఇద్దరు స్త్రీలు వెళ్ళి గంటసేపు కూర్చొనే ఏర్పాటు చేయలేమా? అతడి వద్దకు ఇద్దరు మగవారు వెళ్ళలేరా? దానికి నిధులు అక్కరలేదు. చెవులు చాలు, కొంచెం జావ ఉంటే మరీ మంచిది.

తిరుగు ప్రయాణానికి బయలుదేరుతుంటే బిడ్డ ఒక చిన్న జంపఖానా మా చేతిలో పెట్టింది. నేసింది ఆమె కాదు, చెల్లెలు నేసింది. ఆ పేకకు కండెలు చుట్టింది ఆమె. ఇప్పుడు మేము దాని మీదనే నమాజు చేస్తున్నాము. ప్రతి సజ్దాలో ఆ ఇంటి ఇద్దరినీ, ఆ పసివాణ్ణీ తలచుకుంటున్నాము. విరిగిన హృదయాలను అతికించే అల్లాహ్ వారి ముగ్గురికీ, ఇలాంటి బాధలో ఉన్న ప్రతి ఇంటికీ ఊరటనివ్వాలి. వినే చెవులను మాకు ప్రసాదించాలి. ఆమీన్.